మరిగే నీళ్లు, తిరిగే చెయ్యి

జొన్నపిండిని ఎంతసేపు పిసికినా సాగదు. గోధుమపిండిలో ఉండే బంక దీనిలో లేదు. చపాతీ కర్రతో ఒత్తితే అంచులు పగులుతాయి. ఎత్తబోతే ముక్కలై చేతికొస్తుంది. అలాంటి పిండితో పళ్లెమంత వెడల్పున పలచని రొట్టె చేసి, చిరగకుండా పెనం మీదికి చేర్చడం ఎలా కుదురుతుంది? ఎమ్మిగనూరులో మా పెద్దమ్మను ఇదే అడిగాను. "నీళ్లు మరగల్ల నాయనా, చెయ్యి తిరగల్ల" అంది. అంతే చెప్పింది.

జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఊరు వెళ్లి, వారం రోజులు ఆమె పొయ్యి ముందు కూర్చున్నాను. నాకు నలభై ఎనిమిదేళ్లు. పళ్లు వచ్చిన నాటి నుంచి జొన్న రొట్టె తింటున్నవాణ్ని, ఒక్కటంటే ఒక్కటి చేసినవాణ్ని కాదు. పెద్దమ్మకు డెబ్బై ఆరు. కుడి మణికట్టు రెండేళ్లుగా నొప్పి. ఆమె కూతుళ్లిద్దరూ బెంగళూరులో ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్లకు రొట్టె తట్టడం రాదు. ఆ చెయ్యి ఆగితే మా ఇంట్లో రొట్టె ఆగుతుంది. అది అర్థమయ్యాకే బయలుదేరాను.

చిరుధాన్యాల గురించి ఇవాళ అందరూ ఆరోగ్యం మాట మాట్లాడుతున్నారు. మాట్లాడాల్సిందే. కానీ జొన్న రొట్టెను బతికించేది పిండి ఒక్కటే కాదు. పిండి దుకాణంలో దొరుకుతుంది. చేసే చెయ్యి దొరకదు. అది ఒకరి పక్కన కూర్చుని ఇంకొకరు నేర్చుకుంటేనే వస్తుంది.

నీళ్ల దగ్గరే సగం పని

మొదటి రోజు పెద్దమ్మ నన్ను పిండి ముట్టనివ్వలేదు. చూడమంది. తెల్లజొన్న పిండి, రెండు రోజుల కిందట మరాడించింది. జల్లెడ పట్టి వెడల్పాటి పళ్లెంలో పోసింది. గిన్నెలో నీళ్లు పెట్టింది. గ్లాసు పిండికి గ్లాసుకు కాస్త తక్కువ నీళ్లు, చిటికెడు ఉప్పు. నీళ్లు వేడెక్కి ఆవిరొస్తుంటే దించబోయాను. "ఇంగా తెర్లల్ల" అని చెయ్యి పట్టుకుంది. గిన్నె అడుగు నుంచి బుడగలు కళపెళమని పైకి తన్నుకొచ్చాక దించి, పిండి మధ్యలో గుంట చేసి అందులో పోసింది. గరిటె కాడతో కలిపి మూత పెట్టింది. పక్కన రెండు గుప్పెళ్ల పొడిపిండి విడిగా ఉంచుకుంది.

ఆ మరిగే నీళ్లు చేసే పని ఏమిటో తర్వాత చదివి తెలుసుకున్నాను. జొన్నలో గోధుమలాంటి గ్లూటెన్ లేదు. కాబట్టి పిండిని పట్టి ఉంచే పని గంజి చెయ్యాలి. పిండిలోని గంజి రేణువులు సుమారు 70 డిగ్రీల వేడి దాటితే నీళ్లు పీల్చి, ఉబ్బి, బంకలా మారతాయి. గోరువెచ్చని నీళ్లకు ఆ శక్తి లేదు. మరిగిన నీళ్లు పడిన పిండి సగం ఉడికి జిగురవుతుంది, మిగతా పచ్చిపిండిని ఆ జిగురే పట్టుకుంటుంది. పెద్దమ్మకు గ్లూటెన్ మాట తెలియదు. బుడగ తెలుసు. ఏ బుడగ దగ్గర దించాలో అరవై ఏళ్లుగా తెలుసు.

అయిదు నిమిషాలకు మూత తీసి, వేడి వేడిగానే ఒక రొట్టెకు సరిపడా ముద్ద తీసుకుంది. నేను పొరపాటు పడింది ఇక్కడే. మొత్తం పిండిని ఒకేసారి పిసికి పక్కన పెట్టుకుంటారనుకున్నాను. చపాతీకి చేసినట్టు. జొన్నకు అలా కుదరదు, ఆరిపోతుంది. ఏ రొట్టెకు ఆ ముద్దను అప్పటికప్పుడు పిసకాలి. తడి చేత్తో, అరచెయ్యి కింది గట్టి భాగంతో, ముద్దను పీటకు రాస్తున్నట్టు ముందుకు తొయ్యాలి, మళ్లీ దగ్గరకు లాగాలి. పది, పదిహేనుసార్లు. చివరికి ముద్ద చెవి తమ్మెంత మెత్తగా ఉండాలి. వేలితో నొక్కితే అంచు పగిలిందంటే నీళ్లు చాలలేదని. వేలికి అంటుకుని లేచిందంటే ఎక్కువయ్యాయని.

పిండి తాజాదై ఉండాలని చెప్పడం సులువు. ఎందుకో పెద్దమ్మ చూపించింది. మూడు నెలల కిందటి పొట్లం ఒకటి ఇంట్లో ఉంటే, రెండు పిండ్లతో రెండు ముద్దలు చేసి నా చేతికిచ్చింది. పాతదాని ముద్ద ఎంత పిసికినా ఇసుకలా రాలుతోంది. వాసన చూడమంది. జొన్నగింజ మొలకలో నూనె ఉంటుంది. పిండి చేశాక గాలి తగిలి అది పాడవుతుంది, పిండి చేదెక్కుతుంది, జిగి తప్పుతుంది. రంగురంగుల సంచిలో, ఎప్పుడు ఆడించారో తెలియని పిండి తెచ్చి, రొట్టె విరిగిందని తమ చేతిని తిట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. తప్పు వాళ్ల చేతిది కాదు. జొన్నలు కొనండి. శుభ్రం చేసి, పదిహేను రోజులకు సరిపడా మాత్రం పిండి మరకు పంపండి. మిరపకాయలు ఆడించిన మరలో వెంటనే పొయ్యనివ్వకండి.

తట్టడం

పీట మీద పిండి చల్లి, ముద్దను రెండు అరచేతుల మధ్య బిళ్లలా చేసి, అంచును వేళ్లతో నున్నగా తిప్పి, పెద్దమ్మ పీట మీద పెట్టింది. తర్వాత జరిగేది మాటల్లో పెట్టడం కష్టం. నాలుగు వేళ్లు కలిపి తడుతుంటుంది. తట్టిన ప్రతిసారీ చెయ్యి కొంచెం పక్కకు జరుపుతుంది, ఆ ఊపుకు రొట్టె తనంతట తాను పీట మీద గుండ్రంగా తిరుగుతుంది. ఎవరూ దాన్ని తిప్పడం లేదు. తట్టడంలోనే తిప్పడం ఉంది. అంచులే ముందు పలచనవుతాయి, మధ్య భాగం చివర్లో. ఎడమ చెయ్యి అంచుకు కాపుగా ఉండి, పగులు కనబడిన చోట నొక్కి మూస్తుంది.

రెండో రోజు నేను తట్టిన మొదటి రొట్టె బత్తాయి అంతై పగిలింది. రెండోది అరచేతి వెడల్పు దాటాక మధ్యలో చిరిగింది. పెద్దమ్మ లేచి నా వెనక కూర్చుని, తన చెయ్యి నా చేతి మీద పెట్టి తట్టింది. ఆ బరువు చూసి ఆశ్చర్యపోయాను. అసలు బలమే లేదు. నేను కొడుతున్నాను, ఆమె తడుతోంది. "బిడ్డను జోకొట్టినట్ల" అంది. ఆ ఒక్క పోలికతో నా చెయ్యి దారికొచ్చింది.

ఎత్తడం ఇంకో విద్య. రెండు చేతుల వేళ్లూ కిందికి దూర్చి, ఒక్క ఊపున పెనం మీదికి. పీటకు ఆనిన వైపు, అంటే పొడిపిండి ఉన్న వైపు, పైకి రావాలి. వెంటనే తడిగుడ్డతో పైభాగమంతా నీళ్లు రాయాలి. నీళ్లు ఎందుకు రాస్తారో చాలామందికి తెలియదు. అలవాటుగా రాస్తారు. పైన అంటిన పొడిపిండి అలాగే ఉంటే మాడి చేదొస్తుంది. తడిస్తే అది కూడా ఉడికి సన్నని పొరలా పట్టుకుంటుంది. లోపలి తడి ఆవిరై, బయటికి పోయే దారిలేక ఆ పొరనే పైకి లేపుతుంది. రొట్టె పొంగడమంటే అదే. నీటి మెరుపు ఆరగానే తిరగెయ్యాలి. ఆలస్యమైతే పగుళ్లు, తొందరపడితే పెనానికి అతుక్కుంటుంది. రెండో వైపు కాలాక మళ్లీ తిరగేసి గుడ్డతో అంచులు ఒత్తితే బూరెలా లేస్తుంది. మా చిన్నప్పుడు ఆ పై పొర కోసమే పిల్లలం కొట్టుకునేవాళ్లం. వేడి పొర ఊడదీసి వెన్న రాసి ఇచ్చేది అవ్వ.

పెనం ఇనుపదే కావాలి, మందంగా ఉండాలి. ఎమ్మిగనూరు పత్తి సీమ కాబట్టి పత్తికట్టె మంట మీద కాలిన రొట్టెకు వేరే వాసన ఉండేది. పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడు గ్యాసే. గ్యాసు మీద కూడా రొట్టె బాగానే వస్తుంది, పొగ లేదు, ఆమె కళ్లు బాగున్నాయి. దాని గురించి నాకు బెంగ లేదు.

కాల్చిన రొట్టెను పొయ్యి గోడకు ఆనించి నిలబెడితే తడి ఆరి అప్పడంలా కరకరలాడుతుంది. ఎండు రొట్టె చాలా రోజులు నిలవుంటుంది. పొలానికీ ప్రయాణానికీ అదే మూట.

బళ్లారి జిల్లాలో పుట్టిన ఊరు

ఎమ్మిగనూరు ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. ఆనాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. మా ఊళ్లో సేద్యం మాటల్లో కన్నడం ఇంకా ఉంది. తొలకరికి వేసే పంట ముంగారి, వెనక వానలకు వేసేది హింగారి. గోంగూర మాకు పుండికూర. అటువాళ్లు జోళద రొట్టి అంటే ఇటు మనం జొన్న రొట్టె అంటాం. మరాఠీ సీమలో అది భాకరీ.

రొట్టెకు మంచి గింజ హింగారిది. సెప్టెంబరు, అక్టోబరుల్లో నల్లరేగడిలో వేస్తే, నేల దాచుకున్న తేమతోనే చలికాలమంతా బతికి, పొడి ఎండల్లో పండుతుంది. ముంగారి జొన్న కంకి మీద వాన పడితే బూజు పట్టి గింజ నల్లబడుతుంది. హింగారి గింజకు ఆ బెడద తక్కువ, అందుకే ముత్యంలా తెల్లగా ఉంటుంది. షోలాపూర్ ప్రాంతపు మాల్దండి రకానికి ఇన్నేళ్లుగా పేరు నిలిచింది ఈ కాలపు గింజ కాబట్టే. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నంద్యాల తెల్ల జొన్న పేరుతో, ఎన్‌టీజే వరుసలో, మన నల్లరేగళ్లకు తగిన రకాలు ఇచ్చింది.

జొన్న మనకు ఎంత పాతదైనా పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడి సూడాన్‌లో జొన్నపిండిని పులియబెట్టి కిస్రా అనే పలచని అట్టు పోస్తారు. జిగురు లేని పిండిని లొంగదీయడానికి వాళ్లు పులుపును నమ్ముకున్నారు, మనం మరిగే నీళ్లను నమ్ముకున్నాం. పదిహేనో శతాబ్దంలో పల్నాడు వెళ్లిన శ్రీనాథుడు అక్కడ ఎటు చూసినా జొన్నకూడేనని చాటువుల్లో విసుక్కున్నట్టు చెప్పుకుంటాం. వరిసీమ రుచి మరిగిన కవికి అది శిక్ష కావచ్చు. మా సీమలో ఆ గింజే ప్రాణం నిలిపింది.

ఎమ్మిగనూరు పేరు బయటి లోకానికి తెలిసింది మగ్గంతో. నేతగాళ్ల ఇక్కట్లు చూసి మాచాని సోమప్ప ముందు నిలబడగా 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం పుట్టింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా పెదనాయనా మగ్గం మనిషే. పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్లు పెట్టే ముందు రెండు రొట్టెలు, ఉల్లిగడ్డ, కారం. మధ్యాహ్నం దాకా మళ్లీ ఆకలి మాట లేదు. పెద్దమ్మ వంటింట్లో తట్టే చప్పుడు, పడసాలలో మగ్గం చప్పుడు ఒకే ఇంట్లో వినిపించేవి. మగ్గం చేతికి కూలి ఉండేది. రొట్టె చేతికి లేదు.

రొట్టె ఒంటరి కాదు

పుండికూర పప్పు, గుత్తివంకాయ, బుడ్డల పొడి, గురెళ్ల పొడి, పచ్చిమిరపకాయల ఊరుబిండి, గడ్డపెరుగు. మా వైపు బుడ్డలంటే వేరుశనగలు, గురెళ్లంటే వెర్రినువ్వులు. జొన్న రొట్టె పక్కన ఇవి రుచికి మాత్రమే ఉన్నాయనుకుంటే పొరపాటు. జొన్నే తిని, పక్కన పప్పూ కూరా కొనలేని దక్కన్ పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలిన చోట చర్మం మాడినట్టవడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. 1960లో హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయం నుంచి డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు దీనికి జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం కారణమని ప్రతిపాదించారు. అందువల్ల శరీరానికి నియాసిన్ విటమిన్ సరిగా అందడం లేదన్నది వారి వాదం. ఆ విటమిన్ వేరుశనగలో దండిగా ఉంది. బుడ్డల పొడిని రొట్టె పక్కన పెట్టిన అవ్వలకు విటమిన్ పేరు తెలియకపోవచ్చు, ఆ జత మాత్రం కుదిరింది. రొట్టెను ఒంటరిగా తినకండి.

ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి నిజం చెప్పుకోవాలి. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు ఉన్నాయి. తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. అన్నంతో పోలిస్తే రొట్టె చాలా మేలు. అయితే పొట్టు తియ్యని గోధుమపిండిలోనూ పీచు జొన్నకు తీసిపోదు. జొన్న తింటే షుగర్ పోతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. ఇదీ పిండిపదార్థమే. ఆరు రొట్టెలు తింటే ఆరు రొట్టెల లెక్కే. నేను జొన్న రొట్టెను మందుగా తినను. మా నేల గింజ, మా ఇంటి రుచి అని తింటాను.

జొన్న చేలల్లోంచి ఎందుకు పోయింది?

ఒకప్పుడు మా సీమలో వరన్నం పండగ పూట తినేది. రోజూ తినేది రొట్టె, సంకటి. అలాంటి ఇళ్లల్లో 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక లెక్క తిరగబడింది. పేదవాడికి కడుపునిండా అన్నం దొరకడం చిన్న సంగతి కాదు. ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. అయితే దానితోపాటు ఒక సిగ్గు కూడా వచ్చింది. రొట్టె తినేవాడు పేదవాడు, అన్నం తినేవాడు కలిగినవాడు అన్న సిగ్గు. బళ్లో నా డబ్బాలో రొట్టె ఉంటే మూత కొంచెమే తెరిచి తిన్న రోజులున్నాయి.

చేలల్లో ఇంకో మార్పు వచ్చింది. 1999లో విడుదలైన జేజీ 11 అనే శనగ రకం మన నల్లరేగళ్లకు బాగా సరిపోయింది. హింగారి జొన్న వేసే చేలల్లోకే శనగ వచ్చింది. కోత సులువు, ధర మెరుగు, పిట్టల బాధ లేదు. జొన్నకు పిట్టల కాపలా కావాలి. మంచె ఎక్కి వడిసెల తిప్పే పిల్లలు బడికి పోతున్నారు, పోవాలి కూడా. ముంగారిలో పత్తి పెరిగింది. ట్రాక్టరు వచ్చాక ఎద్దులు తగ్గాయి, ఎద్దులు తగ్గాక జొన్న చొప్పకు అంత అక్కర లేకపోయింది. గింజ మనుషులకు, చొప్ప పశువులకు అన్న రెండు ఆదాయాల్లో ఒకటి పోయింది. దేశం మొత్తం మీద 1970–71లో 1.7 కోట్ల హెక్టార్లకు పైగా ఉన్న జొన్న ఇప్పుడు 40 లక్షల హెక్టార్ల దరిదాపుల్లో ఉంది.

2018ని దేశం, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాయి. 2025–26కు మాల్దండి జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,749 రూపాయలు. ధర ప్రకటిస్తే చాలదు, ఆ ధరకు కొనేవాళ్లు యార్డులో ఉండాలి. జొన్నను మళ్లీ చేలోకి తెచ్చేది అదొక్కటే.

కూలి లేని చెయ్యి

సందె వేళ కర్నూలులో, ఆదోనిలో, హైదరాబాదు పేటల్లో రోడ్డు పక్కన జొన్న రొట్టెల పొయ్యిలు కనిపిస్తున్నాయి. దాదాపు అన్నిచోట్లా తట్టేది ఆడవాళ్లే. ఎమ్మిగనూరులో అలాంటి ఒకామెతో కాసేపు నిలబడి మాట్లాడాను. రోజుకు ఎన్ని తడతావు అక్కా అని అడిగితే లెక్క చెప్పకుండా చెయ్యి చూపించింది. వేళ్ల చివరలు మొద్దుబారి నున్నగా అయ్యాయి, వేడి తెలియడం లేదంది. అయినా ఈ పని వదలనంది. "ఇంట్ల చేస్తే ఎవరన్నా పైసా ఇచ్చినారా? ఈడ ఇస్తున్నారు."

ఆ మాట నాకు చాలాకాలం గుర్తుంటుంది. ఎన్నో తరాలు ఈ విద్య ఆడవాళ్ల మణికట్ల మీదే నడిచింది, విద్య అన్న పేరు కూడా లేకుండా. మా పెద్దమ్మ ఒక పూటకు ఇరవై రొట్టెలు తట్టేది, రెండు పూటలా. ఆఖర్న తను తినేసరికి రొట్టె చల్లారిపోయేది. ఆమె కూతుళ్లు ఇది నేర్చుకోకపోవడంలో తప్పేమీ లేదు. ఆ చాకిరీ చూసి పెరిగినవాళ్లు దాన్నుంచి దూరం జరిగారు. రొట్టె నిలవాలంటే అది మళ్లీ వాళ్ల నెత్తిన పడకూడదు. ఇంట్లో తినే ప్రతి మనిషీ తట్టగలగాలి, మగవాళ్లు ముందుగా.

ఏడో రోజు నేను పదకొండు రొట్టెలు చేశాను. నాలుగు పొంగాయి. ఒకటి చిరిగింది, మిగతావి గుండ్రంగా రాకపోయినా పెనం మీద నిలిచాయి. పెద్దమ్మను ముందు కూర్చోబెట్టి, పొంగినవాటిలో ఒకటి వేడి వేడిగా ఆమె పళ్లెంలో వేశాను. పొర ఊడదీసి, పుండికూర పెట్టుకుని తినింది. "ఉప్పు తక్కువైంది" అంది. ఇంకోటి వెయ్యమంది.

పాఠకులను ఒకటే అడుగుతున్నాను. ఈ వారం ఒక కిలో తెల్లజొన్నలు తెచ్చి మరాడించండి. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ చుట్టాల్లో రొట్టె తట్టే చెయ్యి ఇంకా ఒకటి ఉండే ఉంటుంది. వీడియో తియ్యడానికి కాదు, పక్కన కూర్చుని మీ చెయ్యి ఆ చేతి కింద పెట్టడానికి వెళ్లండి. ఆ పెద్దామెకు ఓపిక ఉన్నప్పుడే వెళ్లండి.